గీసేది గంట, తిరగ్గీసేది మూడు గంటలు: డిజైనర్ల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల డిజైనర్ల నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒక్కచోటికే చేరాయి: రోజు చాలడం లేదు. పోస్టర్లు చేసేవారు, యాప్ స్క్రీన్లు చేసేవారు, పుస్తకాల పేజీలు పెట్టేవారు, అందరిదీ అదే గోడు. చాలామంది తమ చెయ్యి నెమ్మది అని బాధపడుతున్నారు. ప్రశ్నలు చదివితే చేతి తప్పు మాకు ఎక్కడా కనిపించలేదు. సమయమంతా వెతుకులాటలో, ఎదురుచూపుల్లో, అన్నిటికన్నా ఎక్కువగా చేసిందే మళ్ళీ చేయడంలో పోతోంది.

ప్రశ్న: ఉదయం తొమ్మిదిన్నరకు కూర్చుంటే సాయంత్రం ఏడింటికి లేస్తాను. ఖాళీగా ఉన్నట్టు గుర్తుండదు. తీరా చూస్తే ఒక బ్యానర్, సగం పోస్టర్ తప్ప ఏమీ తేలలేదు. నాకు ఏకాగ్రత లేదా, పద్ధతి తప్పా?

జవాబు: ముందు లెక్క తీయండి, తీర్పు తర్వాత. ఐదు పనిదినాల పాటు కీబోర్డు పక్కన ఒక కాగితం పెట్టుకోండి. అరగంటకోసారి, ఆ అరగంటలో ఎక్కువ భాగం దేనికి పోయిందో ఒక్క అక్షరంలో రాయండి. గీయడం, పేజీ కూర్పు అయితే ‘గీ’. స్కెచ్, ఆలోచన అయితే ‘ఆ’. కాల్స్, మెసేజ్‌లు, మీటింగ్‌లు ‘మా’. ఫైళ్ళు, ఫాంట్లు, ఫొటోల వెతుకులాట ‘వె’. ఒకసారి అయిపోయిందనుకున్నది మళ్ళీ చేస్తుంటే ‘తి’, అంటే తిరగపని. మిగిలింది ‘ఖా’. ఫోన్‌లో టైమర్ యాప్ ఎందుకు వద్దంటే, దాన్ని ఆపడం మరిచిపోతారు; రాత్రంతా లోగో చేసినట్టు చూపిస్తుంది. సాయంత్రం కూర్చుని గుర్తు తెచ్చుకుని నింపితే అసలుకే పనికిరాదు. జ్ఞాపకం ఎప్పుడూ మనవైపే మొగ్గుతుంది.

మీ రోజులో పంతొమ్మిది అరగంటలు. ఉదాహరణకు అందులో గీ 5, ఆ 1, మా 5, వె 3, తి 3, ఖా 2 వచ్చాయనుకోండి. గీయడానికి రెండున్నర గంటలు దొరికినట్టే కదా అనిపిస్తుంది. ఇప్పుడు అంకెలు వదిలేసి అక్షరాల వరుస చూడండి. ‘గీ మా గీ వె మా గీ’ అని ఉందా, ‘గీ గీ గీ’ అని ఉందా? అసలు విషయం అక్కడే ఉంది. ఒక పని సగంలో ఆపి ఇంకోదానికి వెళ్తే మొదటి పని తాలూకు ధ్యాస కొంత అక్కడే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. మిగతా పనులకన్నా డిజైన్‌కు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. ఏ లేయర్ (ఒకదానిమీద ఒకటి పేర్చే పొర) మీద ఉన్నాం, ఏ రంగు ప్రయత్నించి ఎందుకు వద్దనుకున్నాం, ఈ గ్యాప్ ఎందుకు ఇంత పెట్టాం, ఇవేవీ ఫైల్‌లో ఉండవు. బుర్రలో ఉంటాయి. నాలుగు నిమిషాల ఫోన్ కాల్‌తో ఎగిరిపోతాయి.

అందుకని రోజుకు తొంభై నిమిషాల చొప్పున రెండు బ్లాకులు కాపాడుకోండి. వాటిలో ‘గీ’, ‘ఆ’ తప్ప ఇంకేదీ ఉండకూడదు. మెసేజ్‌లకు మూడు వేళలు పెట్టుకోండి: పదకొండున్నర, రెండున్నర, అయిదున్నర. ఈ వేళలు క్లయింట్లకూ చెప్పండి, ‘అత్యవసరమైతే కాల్ చేయండి’ అని కూడా కలపండి. చెప్పకుండా మౌనంగా ఉంటే అరగంటకో ‘చూశారా?’ వస్తుంది.

మధ్యలో లేవక తప్పనప్పుడు ఆర్ట్‌బోర్డ్ (తెర మీద డిజైన్ ఉండే పేజీ) బయట, ఖాళీ జాగాలో ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం టైప్ చేసి లేవండి. ‘తర్వాత: రెండో కాలమ్ సన్నం చేయాలి. నీలం చూశాను, హెడ్డింగ్ మింగేస్తోంది, వద్దు.’ ఇరవై సెకన్ల పని. తిరిగొచ్చాక ‘ఎక్కడున్నాను?’ అని పావుగంట తడుముకోనక్కర్లేదు. ఆ ఎర్ర వాక్యం ఆర్ట్‌బోర్డ్ లోపల మాత్రం పెట్టకండి. ఏదో ఒక రోజు అది కూడా ఎక్స్‌పోర్ట్ అయి క్లయింట్ దగ్గరికి వెళ్తుంది.

ప్రశ్న: నేను మూడు రోజులు అని చెప్పిన పని ప్రతిసారీ తొమ్మిది రోజులు పడుతుంది. అనుభవం పెరిగినా అంచనా మెరుగవడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: ఇది మీ ఒక్కరి జబ్బు కాదు. పాత పనులు ఎన్నిసార్లు ఆలస్యమైనా కొత్త పనికి మళ్ళీ ఆశావహంగానే అంచనా కడతామని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లోనే గుర్తించి, దానికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. ‘ఈసారి అన్నీ సవ్యంగా జరిగితే’ అన్న ఊహ మీద మనసు లెక్క కడుతుంది. అన్నీ సవ్యంగా జరిగే ప్రాజెక్టు ఏదీ?

మీరు రెండుచోట్ల తప్పుతున్నారు. పని గంటల్ని క్యాలెండర్ రోజులుగా మార్చడం మొదటిది. ఎదురుచూపును లెక్కలోకి తీసుకోకపోవడం రెండోది.

పదహారు పేజీల బ్రోషర్ తీసుకుందాం. ముందు దాన్ని ముక్కలు చేయండి: గ్రిడ్ (పేజీ గీతల చట్రం), స్టైల్స్ (అక్షరాల ముందస్తు అమరికలు), కవర్ ఆప్షన్లు, లోపలి పేజీల నమూనా రెండు, మిగతా పేజీలు, ఫొటోల రంగు సవరణ, పట్టికలు, చార్టులు, ప్రూఫ్ సవరణలు, ప్రెస్‌కు ఫైల్ తయారీ. ఏ ముక్కా నాలుగు గంటలు దాటకూడదు. దాటిందంటే అందులో ఏముందో మీకింకా తెలియదన్నమాట, మళ్ళీ విడగొట్టండి. ‘మిగతా పేజీలు’ అన్న ముక్క దగ్గరే చాలామంది మోసపోతారు. అందులో ఒక పేజీలో పెద్ద పట్టిక ఉంటుంది, అదొక్కటే మిగతా నాలుగు పేజీల సమయం తింటుంది.

ఇప్పుడు మొత్తానికి మూడు అంకెలు వేయండి. అన్నీ కలిసొస్తే 10 గంటలు, మామూలుగా అయితే 14, అడ్డం తిరిగితే 30. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించండి: 10 + 56 + 30 = 96, ఆరుతో భాగిస్తే 16 గంటలు. పెద్ద ఇంజనీరింగ్ ప్రాజెక్టులకు వాడే పెర్ట్ లెక్క ఇదే, మనకూ చక్కగా సరిపోతుంది.

పదహారు గంటలంటే రెండు రోజులు కాదు. పైన చెప్పిన అరగంటల కాగితం పెట్టి చూస్తే రోజులో చేతికి దొరికే డిజైన్ గంటలు మహా అయితే నాలుగో అయిదో. అయిదే అనుకున్నా 3.2 రోజులు, అంటే నాలుగు. దీనికి క్లయింట్ చూసి చెప్పడానికి పట్టే రోజులు కలపండి. చూపించి మార్పులు తీసుకునే ఒక్కో విడత ఒక రౌండ్; రెండు రౌండ్లకు రెండేసి రోజులైతే ఇంకో నాలుగు. మొత్తం ఎనిమిది పనిదినాలు. మీకు ప్రతిసారీ పడుతున్న తొమ్మిది రోజులకు ఇది ఎంత దగ్గరో చూడండి. మీరు నెమ్మదిగా చేయడం లేదు, తక్కువ చెబుతున్నారు, అంతే.

తేదీ చెప్పేటప్పుడు కూడా ‘పద్నాలుగున ఇస్తాను’ అనకండి. ‘టెక్స్ట్, ఫొటోలు అన్నీ చేతికందిన ఎనిమిదో పనిదినానికి ఇస్తాను’ అనండి. వాళ్ళు ఫొటోలు ఇవ్వడం ఆలస్యమైతే డెడ్‌లైన్ దానంతటదే వెనక్కి జరుగుతుంది, మీరు పోట్లాడక్కర్లేదు.

ప్రశ్న: మార్పులు కొండవీటి చాంతాడులా సాగుతూనే ఉంటాయి. మా ఫోల్డర్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే ఫైనల్’ అని ఫైళ్ళున్నాయి. కాదంటే క్లయింట్ పోతారేమోనని భయం. ఏం చేయాలి?

జవాబు: ఎక్కువ ఉత్తరాలు దీని మీదే వచ్చాయి, కాబట్టి కాస్త వివరంగా.

మార్పులన్నిటినీ ఒకే గాటన కట్టకండి. మూడు రకాలున్నాయి. మీరు పొరపాటు చేసింది, అంటే అక్షర దోషం, వంకర మార్జిన్: దాన్ని ఎన్నిసార్లయినా ఉచితంగా సరిచేయాలి. అనుకున్న దారిలోనే చిన్న సర్దుబాటు, అంటే ఈ ఫొటో బదులు ఆ ఫొటో, ఈ రంగు కాస్త ముదురు: ఇది రౌండ్‌లో భాగం. మూడోది దారే మారడం: ‘యువతకు అనుకున్నాం, ఇప్పుడు పెద్దవాళ్ళకు చేద్దాం’, ‘నాలుగు పేజీలు ఎనిమిదవ్వాలి’. ఇది మార్పు కాదు, కొత్త పని. కొత్త అంచనా, కొత్త తేదీ. గొడవలన్నీ మూడోదాన్ని రెండోదిగా లెక్కేయడం వల్లే వస్తాయి. పని మొదలుపెట్టే రోజునే ఈ మూడూ రాతపూర్వకంగా పంపండి. మూడో రౌండ్‌లో పంపితే అది నియమంలా అనిపించదు, అలకలా అనిపిస్తుంది.

ఆ తర్వాత తాళాలు వేస్తూ వెళ్ళండి. మొదటి మెట్టు మీద టెక్స్ట్ ఖరారు. రెండో మెట్టు మీద అమరిక, అదీ నలుపు తెలుపుల్లో, ఫొటోల చోట బూడిదరంగు డబ్బాలతో. మూడో మెట్టు మీద రంగు, ఫాంట్, ఫొటోలు. ఒక్కో మెట్టుకూ ‘సరే’ అని రాతలో రావాలి. అన్నీ ఒకేసారి చూపిస్తే ఏమవుతుందంటే, అమరిక గురించి అడగాల్సిన క్లయింట్ ఆ ఆకుపచ్చ దగ్గర ఆగిపోతారు. రంగు ఖరారయ్యాక ‘అన్నట్టు, ఈ పేరా తీసేద్దాం’ అంటారు. పేరా పోతే అమరిక పోతుంది, అమరిక పోతే చేసిందంతా మొదటికొస్తుంది.

ఫీడ్‌బ్యాక్ ఒక్క మనిషి నుంచే రావాలి. వాళ్ళ ఆఫీసులో అయిదుగురు చూడొచ్చు, కానీ ఆ అయిదుగురి మాటల్లో పొంతన లేకపోతే తేల్చుకోవలసింది వాళ్ళు. ఒకరు పెద్దది చేయమని, ఇంకొకరు చిన్నది చేయమని అంటే రెండూ చేసి చూపించడం మీ పని కాదు. ఇలా ఒక మెసేజ్ సిద్ధంగా పెట్టుకోండి:

‘సార్, రెండో రౌండ్ ఫైల్ జతచేశాను. మీ టీమ్ అందరి అభిప్రాయాలూ కలిపి ఒకే జాబితాగా గురువారం సాయంత్రం అయిదులోగా పంపితే సోమవారం మూడో రౌండ్ ఇస్తాను. శుక్రవారం అందితే మంగళవారం ఇస్తాను. టెక్స్ట్ మొదటి మెట్టులోనే ఖరారైంది కాబట్టి ఇప్పుడు టెక్స్ట్ మారితే దానికి విడిగా సమయం చెబుతాను.’

ఇందులో ‘కుదరదు’ అన్న మాటే లేదు. అయినా గట్లు పడ్డాయి.

ఇక ‘ఏదో మిస్సవుతోంది’, ‘ఇంకాస్త పాప్ అవ్వాలి’ లాంటివి. వెంటనే ఫైల్ తెరవకండి. మీరు ఊహించి చేసే ప్రతి ప్రయత్నం ఒక రౌండ్ తింటుంది. ఒక్క ప్రశ్న అడగండి: ‘చూసేవాళ్ళ కన్ను మొదట దేని మీద పడాలి, ఇప్పుడు దేని మీద పడుతోంది?’ చాలాసార్లు జవాబు ‘ఆఫర్ కనపడాలి, లోగో కనపడుతోంది’ అని తేలుతుంది. దానికి లోగో తగ్గిస్తే చాలు, రంగులన్నీ మార్చనక్కర్లేదు.

ఫైల్ పేర్లలో ‘ఫైనల్’ అన్న మాట ఈరోజు నుంచీ మానేయండి. ఎలాగో కింద చెప్పాం.

ప్రశ్న: ఫైళ్ళు వెతకడానికే రోజుకు గంట పోతోంది. ఫోల్డర్లు ఎలా పెట్టుకోవాలి?

జవాబు: ప్రతి ప్రాజెక్టుకూ ఒకటే ఎముకల గూడు. 01 బ్రీఫ్ (క్లయింట్‌కు ఏం కావాలో రాసిన కాగితం), 02 వచ్చినవి, 03 పని, 04 పంపినవి, 05 పాతవి. ఈ ఖాళీ ఫోల్డర్ల సెట్ ఒకటి దాచుకుని కొత్త పని రాగానే కాపీ చేయండి. క్లయింట్ ఇచ్చిన ఫొటోను ఎప్పుడూ ‘వచ్చినవి’లోనే ఉంచండి, దాని మీద నేరుగా సవరణ చేయకండి. ‘పంపినవి’లోకి వెళ్ళిన ఫైల్‌ను మళ్ళీ ముట్టుకోకండి. ‘మీరు అప్పుడు పంపిందేదో అదే బాగుంది’ అన్న రోజు అదే మిమ్మల్ని కాపాడుతుంది.

పేరు ఇలా: 2025-03-14_బ్రోషర్_కవర్_వి03. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ. ఈ వరుసలో రాస్తే కంప్యూటర్ అక్షరక్రమమే కాలక్రమం అవుతుంది. వెర్షన్ అంకెలో ముందు సున్నా ఉండాలి, లేకపోతే కొన్నిచోట్ల వి10 వచ్చి వి2 కన్నా ముందు కూర్చుంటుంది. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాశాం గానీ, మీరు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి, ఖాళీ బదులు అండర్‌స్కోర్ వాడండి. ప్రెస్‌లోని పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని వేరే లిపి పేర్లు చూస్తే తడబడతాయి.

బ్యాకప్‌కు 3-2-1 లెక్క: మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి మీ గది బయట. ఆటోసేవ్‌ను నమ్ముకోకండి. మీరు సెట్టింగ్ మార్చకపోతే ఫొటోషాప్ పది నిమిషాలకోసారి, బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ రెండు నిమిషాలకోసారి రికవరీ సమాచారం దాచేలా ఉంటాయి. అది క్రాష్ అయితే తిరిగి తెరవడానికి మాత్రమే. మీరు పొరపాటున లేయర్లన్నీ కలిపేసి సేవ్ కొడితే ఏ రికవరీ మిమ్మల్ని ఆదుకోదు. పెద్ద మార్పుకు ముందు కొత్త వెర్షన్‌గా సేవ్ చేయడమే మందు.

ప్రశ్న: పొమొడోరో పద్ధతి అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం పని ఊపందుకోగానే గంట మోగుతుంది. చిరాకు.

జవాబు: మీ చిరాకు న్యాయమే. ఫ్రాన్సెస్కో చిరిల్లో 1980ల చివర్లో, చదువుకునే రోజుల్లో, టమాటా ఆకారపు కిచెన్ టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి అది. ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటా. ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాల విరామం చదువుకు బాగుంటుంది. లేఅవుట్ బుర్రలోకి ఎక్కడానికే మొదటి పావుగంట పోయే పనికి అది చాలదు. డిజైన్‌కు యాభై-పది గానీ, తొంభై-ఇరవై గానీ పెట్టుకోండి. ఇరవై అయిదు నిమిషాల గంటను బద్ధకం పుట్టించే పనులకు దాచండి: బిల్లులు, లేయర్లకు పేర్లు పెట్టడం, ఎక్స్‌పోర్ట్, స్టాక్ ఫొటోల వేట. ముఖ్యంగా ఆ ఫొటోల వేట. గంట మోగకపోతే అది సాయంత్రం దాకా సాగుతుంది. విరామంలో ఫోన్ తీస్తే అది విరామం కాదు, ఇంకో స్క్రీన్ అంతే. లేచి నడవండి, దూరంగా చూడండి.

ప్రశ్న: ఒక సంస్థకు నెలకు 24 సోషల్ మీడియా పోస్టులు, ఒక్కోటీ మూడు సైజుల్లో చేయాలి. ఒక్కొక్కటీ మొదటి నుంచి చేస్తే నెలంతా ఇదే సరిపోతోంది.

జవాబు: 24 పోస్టులు, మూడు సైజులు, అంటే 72 ఫైళ్ళు. మీరు నిలువుగా కోస్తున్నారు, అడ్డంగా కోయండి. ఒక పోస్టు పూర్తి చేసి రెండోది మొదలుపెట్టడం కాకుండా, ఒక దశ మొత్తం 24కీ పూర్తి చేసి రెండో దశకు వెళ్ళండి. మొదటి రోజు టెక్స్ట్ మొత్తం ఒక స్ప్రెడ్‌షీట్‌లో: శీర్షిక, ఉపశీర్షిక, తేదీ, ఫొటో ఫైల్ పేరు, ఒక్కో పోస్టుకు ఒక్కో వరుస. క్లయింట్ ‘సరే’ ఆ షీట్ మీదే తీసుకోండి. రెండో రోజు ఫొటోలన్నీ ఒకే వరసలో కత్తిరించి, రంగు సరిచేయండి. మూడో రోజు కూర్పు. నాలుగో రోజు ప్రూఫ్, ఎక్స్‌పోర్ట్.

టెంప్లేట్లు మూడో నాలుగో చాలు. అందరూ చేసే పొరపాటు, టెంప్లేట్‌ను చిన్న అందమైన శీర్షికతో తయారుచేయడం. ఆ 24లో అన్నిటికన్నా పొడవైన శీర్షిక, అన్నిటికన్నా చిన్న శీర్షిక, ఈ రెంటితో టెంప్లేట్ కట్టండి. మధ్యవి వాటంతటవే ఇముడుతాయి. స్క్రీన్లు డిజైన్ చేసే ఫిగ్మాలో అయితే కాంపొనెంట్ (ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారే నమూనా), ఆటో లేఅవుట్ వాడండి. డబ్బా టెక్స్ట్‌ను బట్టి సాగుతుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో డేటా మెర్జ్ ఆ షీట్‌ను నేరుగా పేజీల్లోకి పోస్తుంది. తెలుగు లాంటి లిపులకు రెండు జాగ్రత్తలు: షీట్‌ను యూనికోడ్ ఎన్‌కోడింగ్‌తో సేవ్ చేయకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులొస్తాయి, పేరాకు వరల్డ్ రెడీ కంపోజర్ (ఇలాంటి లిపులను సరిగా కూర్చే సెట్టింగ్) ఎంచుకోకపోతే ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. ఒక్క వరుసతో పరీక్షించి చూసుకున్నాకే మిగతా 23 పోయండి.

సైజుల విషయంలో చతురస్రం చేసి నిలువుకు సాగదీయకండి. మొదట అన్నిటికన్నా ఇరుకైన సైజు చేయండి. ఇరుకులో ఇమిడింది విశాలంలో తప్పకుండా ఇముడుతుంది. ఎక్స్‌పోర్ట్ చేతితో అస్సలు వద్దు. ఫొటోషాప్‌లో యాక్షన్ (చేసే అడుగుల వరుస) ఒకసారి రికార్డు చేసి, అన్ని ఫైళ్ళకూ ఒకేసారి నడిపే బ్యాచ్ కొడితే 72 ఫైళ్ళ పని మీరు లేకుండానే అవుతుంది.

మొదటి నెల ఈ ఏర్పాటుకు మామూలుకన్నా ఎక్కువే పడుతుంది. లాభం రెండో నెల నుంచి.

ప్రశ్న: లోగో మీద కూర్చుంటే ఎక్కడ ఆపాలో తెలియదు. అక్షరాల మధ్య ఖాళీ సర్దుతూ తెల్లవారుతుంది.

జవాబు: ఉన్న సమయమంతా నిండేదాకా పని సాగుతుందని బ్రిటిష్ రచయిత సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో అన్నారు. లోగోలకు అది రెండింతలు నిజం. ‘ఎంత బాగుండాలి’ అని కాదు, ‘ఏ పరీక్షలు నెగ్గాలి’ అని పని మొదలవకముందే రాసుకోండి. ఒక్క నలుపులో నిలబడుతుందా? 16 పిక్సెళ్ళ ఐకాన్‌గా గుర్తుపట్టగలమా? ముదురు రంగు మీద తెల్లగా తిప్పితే చెడుతుందా? మూడడుగుల దూరం నుంచి పేరు చదవొచ్చా? తలకిందులు చేసి చూస్తే అక్షరాల ఖాళీలు సమంగా ఉన్నాయా? ఈ ఆఖరిది కెర్నింగ్‌కు, అంటే అక్షరాల మధ్య ఖాళీ సర్దడానికి, పాత చిట్కా. తలకిందులైతే కన్ను పదాన్ని చదవడం మానేసి ఆకారాల్ని చూస్తుంది. అన్నీ నెగ్గితే ఆగిపోండి.

దానికన్నా ముందుది మరొకటుంది. కంప్యూటర్ తెరవకముందు కాగితం మీద అగ్గిపెట్టెంత స్కెచ్‌లు ఇరవై వేయండి, నలభై అయిదు నిమిషాల్లో. తెర మీద మొదటి ఆలోచనే చక్కటి వంపులతో, నున్నటి అంచులతో కనిపించి ‘ఇదే బాగుంది’ అనిపిస్తుంది. ఆ నునుపు సాఫ్ట్‌వేర్‌ది, ఆలోచనది కాదు. పేలవమైన ఆలోచనను కెర్నింగ్‌తో బతికించబోయినప్పుడే తెల్లవారుతుంది.

ప్రశ్న: మా టీమ్‌లో మీటింగ్‌లు పదకొండుకొకటి, మూడుకొకటి. రోజంతా ముక్కలు.

జవాబు: సంఖ్య తగ్గించమని అడిగితే వాదన మొదలవుతుంది. చోటు మార్చమని అడగండి. రెండూ మధ్యాహ్నం మూడు తర్వాత వరసగా పెడితే ఉదయం మొత్తం మీ చేతికొస్తుంది, ఎవరి మీటింగూ పోలేదు. మీ తొంభై నిమిషాల బ్లాకును టీమ్ క్యాలెండర్‌లో ‘ఏకాగ్రత సమయం’ అని కాకుండా ‘బ్రోషర్ లోపలి పేజీలు’ అని పనిపేరుతో పెట్టండి. మొదటిదాన్ని ఎవరైనా తోసేస్తారు, రెండోదాన్ని తోసేముందు ఒకసారి ఆలోచిస్తారు.

ప్రశ్న: ప్రింట్ పనుల్లో ప్రతిసారీ చివరి గంటలో ఏదో తప్పు బయటపడుతుంది. ఒకసారి అచ్చయ్యాక ఫోన్ నంబరు తప్పని తేలింది.

జవాబు: ప్రెస్‌కు పంపేముందు పదిహేను నిమిషాలు, కుర్చీలోంచి ఒకసారి లేచి వచ్చి కూర్చున్నాక, ఈ వరుసలో చూడండి. డాక్యుమెంట్ సైజు ప్రెస్ చెప్పిందేనా. నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపు గీత దాటి బయటికి సాగే భాగం) ఉందా, అది ఉన్నట్టు అనిపించడం కాదు, బ్యాక్‌గ్రౌండ్ ఫొటో నిజంగా అక్కడిదాకా సాగిందా. ఫొటోల అసలు రిజల్యూషన్ ఎంత: 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు) ఫొటోను పేజీలో 200 శాతానికి పెంచితే మిగిలేది 150. ఇన్‌డిజైన్ లింక్స్ ప్యానెల్‌లో ‘ఎఫెక్టివ్ పీపీఐ’ అన్నదే చూడండి. చిన్న అక్షరాలు ఒక్క నలుపుతో ఉన్నాయా, నాలుగు రంగుల మిశ్రమంతో ఉన్నాయా. నాలుగు రంగులతో ఉంటే, అచ్చులో ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల చుట్టూ రంగుల నీడ కనిపిస్తుంది. ఏ టెక్స్ట్ ఫ్రేమ్ చివరైనా ఎర్ర ప్లస్ గుర్తు ఉందా, అంటే టెక్స్ట్ మిగిలిపోయి కనపడకుండా ఉందా.

తర్వాత అంకెలు. ఫోన్ నంబరును కళ్ళతో పోల్చి చూడకండి, డయల్ చేయండి. వెబ్ చిరునామాను కాపీ చేయకుండా అచ్చులో ఉన్నట్టే చేత్తో టైప్ చేసి తెరవండి. క్యూఆర్ కోడ్‌ను అసలు సైజులో ప్రింట్ తీసి, మీది కాని ఫోన్‌తో స్కాన్ చేయండి. తేదీ పక్కన వారం ఉంటే క్యాలెండర్‌తో సరిచూడండి. ఈ నాలుగింటినీ డిజైన్ చేసినవాళ్ళు కాకుండా ఇంకొకరు చూస్తే మరీ మంచిది. రాసినవాళ్ళ కన్ను ఉండాల్సిందే చదువుతుంది, ఉన్నది చదవదు.

పంపేది మీ పని ఫైల్ కాదు, పీడీఎఫ్. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఆ పీడీఎఫ్‌నే తెరిచి ప్రతి పేజీ చూడండి. పని ఫైల్‌లో బాగుండి పీడీఎఫ్‌లో నీడలు, పారదర్శకతలు తేడా కొట్టే సందర్భాలున్నాయి.

ప్రశ్న: షార్ట్‌కట్‌లు అన్నీ నేర్చుకోవాలా? వందల్లో ఉన్నాయి.

జవాబు: వారానికి రెండు. ఆ వారం మీరు మౌస్‌తో ఎక్కువసార్లు చేసిన పని ఏదో చూసి దాని షార్ట్‌కట్ నేర్చుకోండి, జాబితాల వెంట పడకండి. ముందు నేర్చుకోవలసినవి కొన్ని: ఫొటోషాప్‌లో లేయర్ నకలుకు కంట్రోల్ జె, ఇలస్ట్రేటర్‌లో ఇప్పుడే చేసిన జరుపుడును మళ్ళీ చేయడానికి కంట్రోల్ డి, గీతల అస్థిపంజరం చూడటానికి కంట్రోల్ వై, ఇన్‌డిజైన్‌లో గైడ్లు దాచి పేజీని అచ్చులో ఉన్నట్టు చూడటానికి డబ్ల్యూ, ఫిగ్మాలో ఆటో లేఅవుట్‌కు షిఫ్ట్ ఎ. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్. ఇన్‌డిజైన్ డబ్ల్యూతో ఒక చిక్కు: కర్సర్ టెక్స్ట్ ఫ్రేమ్ లోపల ఉంటే ప్రివ్యూ రాదు, మీ పేరా మధ్యలో ఒక ‘డబ్ల్యూ’ పడుతుంది. ముందు ఎస్కేప్ నొక్కి బయటికి రండి.